మూడో జవాబు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. కంపెనీలకు వ్యాపార సాఫ్ట్‌వేర్ పెట్టే పనిలో తల పండినవాడు. కంపెనీలో పని ఎలా నడుస్తోందో చూసి, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో నిర్ణయించి, చివరిదాకా అందరినీ వెంటబెట్టుకుని నడిపించేవాళ్ళను సొల్యూషన్ ఆర్కిటెక్ట్ అంటారు. ఆ పని నేర్చుకోమని నన్ను ఆయన దగ్గరికి పంపారు. నాకు కోడ్ రాయడం వచ్చు, నోటి దురుసు కూడా బాగానే వచ్చు. ఆ రెండూ ఈ పనికి చాలవని మొదటిరోజే తేలిపోయింది.

అది పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ. రిటైరయ్యే ముందు మాస్టారికి అదే ఆఖరి ప్రాజెక్టు. "కొత్త సాఫ్ట్‌వేర్‌లోంచి మొదటి బిల్లు బయటికి రావడం ఈ కళ్ళతో చూసి ఇంటికెళ్ళిపోతానమ్మాయ్. అంతకంటే నాకేం అక్కర్లేదు" అనేవారు.

గోడౌన్ మేనేజరు మా ఎదురుగా కూర్చున్నాడు. మాస్టారు నన్ను లాప్‌టాప్ తెరవనివ్వలేదు. "కొన్నవాళ్ళు వెనక్కి పంపిన పంపులు ఎక్కడ పెడతారు?" అని అడిగారు.

"రిటర్న్స్ గదిలోనండి" అన్నాడు మేనేజరు.

నేను ఆగలేక అప్పటికప్పుడే డిజైన్ చెప్పేయబోయాను. మాస్టారు చూపుతోనే నా నోరు మూయించారు. టీ తాగాక అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. గది నిండిపోతే కొత్త సరుకు పక్కనే సర్దేస్తామన్నాడు మేనేజరు. ఫ్యాక్టరీ అంతా తిరిగి, గేటు దగ్గర సెలవు తీసుకుంటూ మూడోసారి అడిగారు. మేనేజరు నవ్వేసి మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళాడు. మెట్ల కింద చీకట్లో దుమ్ము కొట్టుకుపోయిన పంపులు గుట్టగా పడి ఉన్నాయి.

"ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలీనివన్నీ ఇక్కడికే చేరతాయండి. మీరు కాబట్టి చూపిస్తున్నా" అన్నాడు.

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్నారు మాస్టారు కారెక్కుతూ. "మొదటి జవాబు రూలుది. రెండోది అలవాటుది. మూడోది మనిషిది. నువ్వు సాఫ్ట్‌వేర్ కట్టాల్సింది ఆ మూడోదానికి."

ఆ మాట నాకు బాగా తలకెక్కింది. ఎంతగా ఎక్కిందంటే, తర్వాత కళ్ళముందు జరిగింది కూడా నాకు కనిపించలేదు.

డిజైన్ మొదలయ్యాక, అందరం కూర్చున్న మీటింగులో మాస్టారు మళ్ళీ అడిగారు, తిరిగొచ్చిన పంపులు ఎక్కడ పెడతారని. "మళ్ళీ పరీక్షా మాస్టారూ?" అని మేనేజరు తల గోక్కున్నాడు. కాసేపు ఆలోచించి, "నిజమేనండోయ్, రిపేరుకని వచ్చేవాటి సంగతి చెప్పడం మర్చిపోయా" అన్నాడు. మేమంతా మొహాలు చూసుకున్నాం. మహానుభావుడు, అడిగితే గోడ కూడా నోరు విప్పుతుంది అనుకున్నాం. ఆ తర్వాతి మీటింగులోనూ ఆయన అదే అడిగారు. ఈసారి కొత్త సంగతేమీ బయటపడలేదు. మేనేజరు విసుక్కుంటే, "అది మాస్టారి పద్ధతి, మీకు తెలీదు" అని నేనే సర్దిచెప్పాను. లిఫ్టులో "మనది ఏ అంతస్తు?" అని నన్నడిగితే, అందులో కూడా ఏదో పాఠం ఉందనుకుని రోజంతా ఆలోచించాను. నవ్వకండి, భక్తి ముదిరితే అంతే.

డిజైన్‌కి ఆమోదం తీసుకునే రోజు ఫ్యాక్టరీ యజమానితో సహా పెద్దలంతా వచ్చారు. మాస్టారు బోర్డు దగ్గర నిలబడి ఆర్డరు నుంచి బిల్లు దాకా గళ్ళు గీస్తూ చక్కగా చెప్పుకొచ్చారు. రిటర్న్స్ గడి కూడా ఆయనే గీశారు, మెట్ల కింది గుట్టకు విడిగా చిన్న గడితో సహా. మార్కర్ అక్కడే ఆగింది. మా వైపు తిరిగి, "వెనక్కొచ్చిన పంపులు ఎక్కడ పెడతారు?" అన్నారు.

ఇందులో కిటుకేమిటా అని అందరూ బోర్డు వైపు చూస్తున్నారు. నేను మాత్రం ఆయన కళ్ళలోకి చూశాను. నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ కళ్ళనిండా భయం.

లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి మార్కర్ తీసుకున్నాను. "మాస్టారు నాకు పరీక్ష పెడుతున్నారండి" అని నవ్వాను. మిగతాదంతా నేనే చెప్పాను. చివర్లో యజమాని చప్పట్లు కొట్టి, "గురువుకు తగ్గ శిష్యురాలు" అన్నాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని తన చేతులు చూసుకుంటున్నారు.

తిరుగు దారిలో కారు నేనే నడిపాను.

"అబద్ధం బాగా ఆడావు" అన్నారు.

"మాస్టారూ..."

"డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మా ఆవిడకి తెలుసు. మొదటి బిల్లు దాకా ఎలాగోలా లాక్కొస్తాననుకున్నా."

"లాక్కొద్దామండి. నేను మీ పక్కనే ఉంటా. ఎవ్వరికీ తెలీనివ్వను" అన్నాను.

"నేను నీకేం నేర్పాను? ముప్పు ఉందని తెలిసీ దాచినవాడు?"

"ఆర్కిటెక్టే కాడు."

"మరి ఈ ప్రాజెక్టుకి ముప్పు నేనే కదా. రేపు పొద్దున్నే బాస్‌కి చెప్పెయ్. నేనే చెప్పాల్సింది. కానీ చెప్పాలన్న సంగతి పొద్దున్నకి గుర్తుంటుందో లేదో."

సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మోగుతున్నా కాసేపు నా కాలు కదల్లేదు.

చెప్పాను. బాస్ మంచివాడే, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. అయినా వారం తిరక్కుండా శాలువా కప్పి మాస్టారిని ఇంటికి పంపేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. కావాలని కలలుగన్న కుర్చీయే. అందులో కూర్చున్న రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్రాజెక్టు ఒడ్డెక్కింది. ఇల్లలకగానే పండగ కాదంటారు, డిజైన్ అయ్యాక తల ప్రాణం తోకకొచ్చింది. అయినా మొదటి బిల్లు ప్రింటరులోంచి బయటికొచ్చింది. మెట్ల కింద ఇప్పుడు ఒక్క పంపు కూడా లేదు. "మాస్టారు ఉండాల్సిందండీ" అన్నాడు గోడౌన్ మేనేజరు, ఆ ఖాళీ చోటు చూస్తూ.

ఆ బిల్లు నకలు తీసుకుని ఆయన ఇంటికెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసి, "ఇవాళ కాస్త నెమ్మదిగానే ఉన్నారమ్మా" అంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నారు. బిల్లు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా నాకే తిరిగిచ్చారు.

"మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగారు.

నన్నెప్పుడూ నువ్వు అనే మనిషి. ఆ 'మీరు' భరించడం నా వల్ల కాలేదు. "సొల్యూషన్ ఆర్కిటెక్ట్‌నండి" అన్నాను.

తలూపారు. వాళ్ళావిడ టీ తెచ్చింది. తాగి కప్పు కింద పెట్టి, "మీరేం చేస్తుంటారమ్మా?" అన్నారు.

"అందరినీ అడిగిందే అడుగుతూ ఉంటానండి."

చిన్నగా నవ్వారు. వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. ఎండ బాల్కనీ దాటి గదిలోకి వచ్చాక నా వైపు తిరిగి మళ్ళీ అదే అడిగారు.

"మీ కుర్చీలో కూర్చుంటున్నా మాస్టారూ. మీరు లేకుండా నాకు చాలా కష్టంగా ఉంది" అన్నాను. ఏడ్చేశాను కూడా. ఆయన కంగారుపడి, భార్యను పిలిచి, ఈ అమ్మాయికి మంచినీళ్ళు ఇమ్మన్నారు. నేను నీళ్ళు తాగేదాకా ఆగారు.

ఆ తర్వాత నాలుగోసారి అడిగారు. నాలుగో జవాబు ఎవరిదో ఆయన నాకు నేర్పలేదు. కళ్ళు తుడుచుకుని, "సొల్యూషన్ ఆర్కిటెక్ట్‌నండి" అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.