శనివారం తేడా టికెట్టు

గద్వాల స్టేషన్లో ఆ బండి ఆగేది నాలుగు నిమిషాలు. ఆలోపు పుష్పమ్మ టీసీని పట్టుకోవాలి, తేడా కట్టాలి, ఫస్టు క్లాసు పెట్టె ఎక్కాలి. ఎక్కలేకపోతే సోమవారం తర్వాత ఆమె రెండున్నర ఎకరాలు ఆమెవి కావు.

ఈ దారి చూపించింది నాగేశ్. భూముల విచారణ ఆఫీసు ఎదురుగా రేకుల కింద కూర్చుని అర్జీలు రాస్తాడు.

"ఆఫీసుకు ఎన్నిసార్లు పోయినవక్కా?" అని అడిగాడు.

"పదకొండు సార్లు."

"సారును చూసినవా?"

"అటెండరును చూసిన. కాయిదం ఈడ పెట్టి పో అంటడు. పెట్టిన కాయిదం యాడికి పోతదో తెల్వదు."

"సారుకు గూడ తెల్వదు. జర నా మాట ఇను. ఆయన ఇల్లు పట్నంల ఉంది. శనివారం సాయంత్రం బండికి పోతడు, సోమవారం పొద్దుగాల వస్తడు. పోయేది ఫస్టు క్లాసుల. ఆడ అటెండరు ఉండడు. మూడున్నర గంటలు ఉత్తగనే కూసుంటడు. మామూలు రోజుల్ల ఆ పెట్టెల ఈగలు తోలేటోడు ఉండడు. శనివారం చూడు, సీటు దొరకదు. అందరు అర్జీలోళ్లే."

"మామూలు టికెట్టు మీద పోరాదా?"

"కాలు పెట్టనియ్యరు. మామూలు టికెట్టు తీస్కో, మీద తేడా కట్టు. టీసీ రశీదు రాసిస్తడు. లంచం గాదు, సర్కారు రేటు. రెండొందల పదహారు."

పుష్పమ్మ అతని వైపే చూసింది. పత్తి చేలో ఆడమనిషికి రోజు కూలి యాభై రూపాయలు.

"నన్ను గట్ల చూడకక్కా. రైలు నాది గాదు," అన్నాడు నాగేశ్. "ఇంకోటి. మంచి చీర కట్టుకో. గీ చీర మీద పోతే పైసలు కట్టినా తలుపు కాడ ఆపుతరు."

మంచి చీర ఒకటే ఉంది. కిందటి క్రిస్మస్‌కు మొగుడు యోసేపు పూనాలో కొన్నాడు. నీలం రంగు, సన్నటి జరీ అంచు. ఆమె దాన్నే కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. పక్కింటి రజిత దగ్గర చెప్పులు అడిగి తెచ్చుకుంది.

భూమి అయిజ దగ్గర. ఇరవై ఏళ్ల కిందట భూమి లేని పేదలకు ప్రభుత్వం పంచినప్పుడు యోసేపు పేరున పట్టా వచ్చింది. ఎర్ర చెలక. వాన పడితే పంట, లేకపోతే లేదు. వానలు లేని ఏడాది మొగుడూ పెళ్లాం మేస్త్రి వెంట పూనా పోయి ఇటుకలు మోసేవాళ్లు. చెలకను ఎవరూ పట్టించుకోలేదు. విత్తనాల కోసం పండించే సీడు పత్తి వచ్చాక, పక్క పొలంలో కురుమూర్తి వేసిన బోరులో నీళ్లు పడ్డాక, అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. కురుమూర్తికి నలభై ఎకరాలు. మధ్యలో ఈ రెండున్నర అడ్డం. పంచిన భూమిని అమ్మకూడదు, కొనకూడదు. అందుకని ఆయన వేరే దారి పట్టాడు. మూడేళ్లు వరుసగా సాగు చేయకుండా పడావు పెట్టారు, పట్టా రద్దు చేయండి అని ఫిర్యాదు ఇచ్చాడు. రద్దయితే తన జీతగాడి పేరున మళ్లీ రాయించుకోవచ్చు.

పడావు మూడేళ్లు కాదు. రెండేళ్లే. మూడో ఏడు యోసేపు వచ్చి కందులు వేశాడు. దున్నిన ట్రాక్టరు డ్రైవరు, విత్తనాలు అమ్మిన షావుకారు వేలిముద్ర, సంతకం పెట్టిన అసలు కాగితం పుష్పమ్మ దగ్గరే ఉంది, ఆఫీసులో పెట్టినవి దాని నకళ్లు. సోమవారం విచారణ. అంతకుముందే ఆఫీసరు ఆ కాగితం చదవాలి. అంతే ఆమె కోరుకున్నది.

బండి వచ్చింది. పుష్పమ్మ పరుగెత్తింది. టీసీ దిగేలోపే డబ్బు చేతిలో పెట్టింది.

"ఎందాక?"

"సారు ఎందాక పోతే గందాక."

టీసీ నవ్వలేదు. ఆమె వెనుక ఇంకో ముగ్గురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఒక్క సీటే ఉంది. ఈమెకు రాస్తున్న. మిగతా వాళ్లు వచ్చే శనివారం చూస్కోండ్రి," అన్నాడు.

ఆ ముగ్గురి చూపులూ వీపుకు గుచ్చుకుంటుండగా ఆమె ఎక్కింది.

లోపల మిగతా గదులు అర్జీలు పట్టుకున్నవాళ్లతో నిండి ఉన్నాయి. టీసీ చూపించిన గదిలో ఎదురెదురుగా రెండు బెర్తులు. కిటికీ పక్కన ఆఫీసరు భానుప్రకాశ్. యాభై దాటినవాడు, కళ్లద్దాలు, చేతిలో పత్రిక. ఆయన ఎదురుగా, చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుని, టిఫిను డబ్బా విప్పుతూ కురుమూర్తి.

పుష్పమ్మ తలుపు దగ్గరే ఆగింది.

"ఓ, పుష్పమ్మా," అన్నాడు కురుమూర్తి. "రా రా. నిలబడినవేంది? పైసలు కట్టినవు కద, కూసో."

"కూర్చోండమ్మా," అన్నాడు ఆఫీసరు. పత్రిక మడిచి చోటు ఇచ్చాడు. ఆమె బెర్తు అంచున కూర్చుంది. అంత మెత్తటి చోట కూర్చోవడం ఆమెకు అదే మొదలు.

బండి కృష్ణ మీది వంతెన ఎక్కింది. ఆ చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టి, కాగితం రెండు చేతులతో ఇచ్చింది.

"సోమవారం మా భూమి మీద విచారణ ఉంది సార్. గిది జర చదవండ్రి."

ఆయన చదివాడు. పై నుంచి కింది దాకా చదివి, మళ్లీ మొదటికి వచ్చాడు. తేదీలు అడిగాడు. డ్రైవరు పేరు అడిగాడు. కందులు ఎన్ని సంచులు అయ్యాయని అడిగాడు. ఆమె అన్నిటికీ చెప్పింది. నెలల తరబడి ఎవరూ అడగని ప్రశ్నలు అవి. ఒక్క సమాధానమూ తడబడలేదు.

"ఈ కాగితం నా ఫైల్లో లేదే," అన్నాడాయన.

"పదకొండు సార్లు పెట్టిన సార్."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది నిజమైతే మూడేళ్లు పడావు అన్న మాట నిలబడదు కురుమూర్తి గారూ. రెండేళ్లకు పట్టా రద్దు చేయలేను."

రెండొందల పదహారు రూపాయలు పుష్పమ్మ మనసులో మాఫీ అయిపోయాయి.

కురుమూర్తి కోపగించుకోలేదు. పూరీ ముక్క తుంచి, కూరలో అద్దుకున్నాడు.

"సరే సార్, చట్టం ఎట్లుంటె గట్ల. మా పుష్పమ్మ మీద నాకు పగ ఏముంది? మా కండ్ల ముందరనే ఎదిగింది. ఒకప్పుడు మా కల్లంల పని చేసేది. ఇప్పుడు మొగుడు పెండ్లాం పూనా పోయి సంపాయిస్తున్నరు. చూడండ్రి, జరీ చీర. ఫస్టు క్లాసుల మన పక్కన కూసుంది. సంతోషమే."

పూరీ నోట్లో పెట్టుకున్నాడు.

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. మొదటిసారి చీర చూశాడు. చెప్పులు చూశాడు.

"టికెట్టు మీరే కొన్నారా అమ్మా?"

"నేనే సార్. తేడా కట్టిన. రశీదు ఉంది." దొంగ ప్రయాణం అనుకుంటాడేమోనని గబగబా తీసి చూపించింది.

ఆయన రశీదు అందుకుని అంకె చదివాడు. తిరిగి ఇచ్చాడు. "పూనాలో కూలి ఎంత పడుతుంది?"

"జంటకు రెండొందలు, పని ఉన్న దినం."

"ఏడాదికి ఎన్ని నెలలు?"

"ఏడెనిమిది."

ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు. పుష్పమ్మ ఆ కలం కదలికనే చూస్తూ ఉంది. తన గోడు రాసుకుంటున్నాడని అనుకుంది. కురుమూర్తి నమలడం ఆపడం చూశాక గాని ఆమెకు అనుమానం రాలేదు.

"చూడమ్మా," అన్నాడు ఆఫీసరు. గొంతులో కఠినం లేదు. "పడావు సంగతి పక్కన పెడదాం. ఈ పట్టాకు ఇంకో షరతు ఉంది. వేరే ఆధారం లేని పేదవాళ్ల దగ్గరే ఈ భూమి ఉండాలి. మీకు బయట సంపాదన ఉంది. ఫస్టు క్లాసులో తిరుగుతున్నారు. నేను కళ్లతో చూశాక లేదని ఎట్లా రాయను?"

"తిరుగుతలేను సార్. ఇయ్యాల ఒక్కనాడే."

"ఇవాళ అయినా కట్టగలిగారు కదా."

"మిమ్మల్ని కలవనీకి కట్టిన సార్. గిది నా నాలుగు దినాల కూలి. వేరే తొవ్వ లేదు."

"ఆఫీసు ఉందిగా. ఎవరైనా రావచ్చు."

ఆ మాట ఆయన నిజంగానే నమ్మి అన్నాడు. ఆమె రశీదు మడిచి కొంగున కట్టుకుంది.

"గాయన గూడ గీ పెట్టెలనే ఉన్నడు కద సార్," అంది చివరికి, కురుమూర్తి వైపు చూడకుండా. "నలభై ఎకరాలు."

"ఆయన పేదవాడినని అనడం లేదు కదమ్మా."

కురుమూర్తి డబ్బా మూత ఆమె వైపు జరిపాడు. అందులో రెండు పూరీలు ఉన్నాయి. "తిను పుష్పమ్మా. పట్నం చానా దూరం ఉంది."

ఆమె వనపర్తి రోడ్డులో దిగిపోయింది. తలుపు దగ్గర టీసీ ఆపాడు. "కాచిగూడ దాక కట్టినవు కదమ్మా. వాపసు రాదు."

"తెలుసు సార్," అంది.

సోమవారం ఆమె పాత చీరతో వెళ్లింది, చెప్పులు లేకుండా. ఈసారి అటెండరు ఆపలేదు. లోపల ఆఫీసరు తల ఎత్తి చూసి, గుర్తుపట్టి, ఒక్క క్షణం ఇబ్బందిగా కదిలాడు.

"శనివారం ఇట్లా లేరే," అన్నాడు. "విచారణ కోసం వేషం మార్చనక్కర్లేదమ్మా."

విచారణ ఆరు నిమిషాల్లో ముగిసింది. ఉత్తర్వులో పడావు ప్రస్తావన లేదు. పట్టాదారు కుటుంబానికి ఇతర ఆదాయం ఉన్నట్టు విచారణాధికారి స్వయంగా గమనించడమైనది, పట్టా రద్దు, అని ఉంది. నాగేశ్ దాన్ని రేకుల కింద ఆమెకు చదివి వినిపించాడు. రెండోసారి చదవమంటే చదివాడు. అప్పీలు పెట్టొచ్చు అన్నాడు. అప్పీలు ఎక్కడ అంటే, పట్నంలో అన్నాడు. ఆమె లేచింది.

బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నుంచి పూనా సైటుకు ఫోన్ చేసింది. వాచ్‌మన్ పిలిస్తే యోసేపు వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"ఆఫీసరు కలిసిండా?" అని అరిచాడు అవతలి నుంచి. వెనకాల కాంక్రీటు కలిపే మిషను తిరుగుతోంది.

"కలిసిండు."

"మాట్లాడనిచ్చిండా?"

"మంచిగనే మాట్లాడిండు. పక్కన కూసోమన్నడు. కాయిదం అంత చదివిండు."

"మరి ఇగ ఏంది, దేవుని దయ," అన్నాడు యోసేపు. "మేస్త్రికి చెప్పి వచ్చే వారం వస్త. తొలకరికి దున్నాలె కద."

పుష్పమ్మ రిసీవరు ఇంకో చెవికి మార్చుకుంది.

"రాకు," అంది. "నేనే ఆడికి వస్తున్న. నాకు గూడ పని ఉందేమో మేస్త్రిని అడుగు."