అన్ని బటన్లకీ ఒకటే అవును

జంతువుల ఆసుపత్రికి చాట్ బాట్ తయారుచేసి ఇచ్చిన దగ్గర్నుంచి బావ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఆయన భార్య చెల్లెలు, అంటే మరదలు, కూడా ప్రోగ్రాములు రాసేదే. ఆ సంగతిని ఆయన ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఒక ఉదయం ఆసుపత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. ముందురోజు ఒకాయన తెల్ల పిల్లిని స్నానానికి వదిలి వెళ్ళాడు. "సాయంత్రం తీసుకెళ్తారా?" అని బాట్ అడిగింది. వెంటనే "బొచ్చు మొత్తం తీసేయమంటారా?" అని ఇంకోటి అడిగింది. ఆయన మొదటి ప్రశ్న కింద ఉన్న అవును నొక్కాడు. సాయంత్రం వచ్చేసరికి పిల్లి ఒళ్ళంతా నున్నగా గొరిగించుకుని కూర్చుంది. అది తన పిల్లే కాదు పొమ్మన్నాడట.

"చూసి నొక్కకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు బావ, కాఫీ చప్పరిస్తూ.

అక్కను చూడడానికి వచ్చిన మరదలు కోడ్ తెరిచింది. ప్రతి అవును బటన్ వెనకా ఒకటే మాట: అవును. అది ఏ ప్రశ్నకో, ఏ జంతువుకో అందులో లేదు. చివర అడిగినదానికే జవాబు వచ్చిందని బాట్ అనుకుంటోంది.

"బావా, బటన్ మీద కనపడేది జనానికి. నొక్కితే మనకొచ్చే డేటా వేరే. అందులో ఏ ప్రశ్నో, ఏ బుకింగో పెట్టాలి. మీరు వాడిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో ఆ డేటాకి చోటు ఉన్నదే అందుకు."

"అంతేగా. పెద్ద బ్రహ్మవిద్య చెప్పినట్టు."

"అంతే. అదే మీకు తట్టలేదు."

అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బావకి రోషం వచ్చింది. యజమాని పేరు, చిరునామా, పిల్లి రంగు, దాని జబ్బుల చరిత్ర, అంతా ఒక్కో బటన్ వెనక కుక్కాడు. అక్కడ పట్టేది అరవై నాలుగు బైట్లే. తెలుగులో గుణింతం లేని అక్షరమే మూడు బైట్లు తినేస్తుంది. హద్దు దాటేసరికి బాట్ సందేశాలు వెళ్ళనే లేదు. ఎవరికీ ఒక్క బటనూ కనపడలేదు.

"లైబ్రరీయే చెత్తది," అని తేల్చేశాడు.

మరదలు లాప్‌టాప్ తన వైపు లాక్కుని, ప్రశ్నకొక పొట్టి గుర్తు, పక్కన బుకింగ్ నంబరు పెట్టింది. ఒకసారి నొక్కిన బటన్ మళ్ళీ కనపడకుండా చేసింది. గంట కూడా పట్టలేదు.

మర్నాడు బాట్ బాగుపడిందని డాక్టరమ్మ ఫోన్ చేస్తే, "నిద్ర మానుకుని కూర్చున్నానండీ," అన్నాడు బావ. మరదలు ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికింది. అలాంటిదేమీ లేదు.

"అక్కా, ఆవిడకి ఈసారి నా నంబరివ్వు."

"నిన్ననే ఇచ్చాను," అంది అక్క.