ఈల సందు

పొద్దున్న ఏడింటికి నాన్న కుట్టుమిషన్ ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించగానే, అమ్మాయి వంటగది కిటికీ దగ్గరికెళ్ళి ఈల వేసేది. ఆమెకి పద్నాలుగేళ్ళు. పై వరసలో ముందుపళ్ళు రెండింటి మధ్య పెన్సిల్ మొన పట్టేంత సందు ఉంది. నాలుక కొస అక్కడ ఆనించి గాలి వదిలితే పిట్ట కూసినట్టు సన్నటి ఈల వచ్చేది. ఈల వినిపించిందంటే నాన్న పనిలో పడ్డాడని అర్థం. అప్పుడు ఎదురు కిటికీ తెరుచుకుని పెద్దమ్మ ముఖం కనిపించేది.

రెండిళ్ళ మధ్యా మూడడుగుల సందు. ఇటు ఇల్లు దర్జీ పని చేసే నాన్నది, అటు ఇల్లు వడ్రంగం చేసే పెదనాన్నది. ఆ సందు నాదంటే నాదని ఓ రోజు మాటా మాటా అనుకున్నారు. ఇప్పటికి తొమ్మిదేళ్ళు, అన్నదమ్ములు పన్నెత్తి పలకరించుకోలేదు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు, ఇంట్లోవాళ్ళని తొక్కనివ్వనూ లేదు. తల్లి లేని పిల్లని ఐదేళ్ళొచ్చేదాకా ఒళ్ళో పెట్టుకు పెంచిన పెద్దమ్మ నోట్లో నాలుక లేని మనిషి. మొగుడికి ఎదురు చెప్పలేక కిటికీతో సరిపెట్టుకుంది.

ఆ ఏడు పిల్లకి ఏది కొరికినా కింది పళ్ళు నొప్పి పుట్టడం మొదలైంది. పళ్ళ డాక్టరమ్మ నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూసి, క్లిప్పులు వేయక తప్పదంది.

"మొదటి మూడు నాలుగు రోజులు నొప్పిగా ఉంటుంది. గట్టివేవీ కొరకొద్దు. బుగ్గకి తీగ గీరుకుంటే ఈ మైనం అద్దుకో. నెలనెలా వస్తే బిగిస్తాను. ఏడాదిన్నరలో సందు పూర్తిగా మూసుకుపోతుంది."

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఏ సందండీ?"

"పళ్ళ సందండీ. ఇంకే సందు?" అని డాక్టరమ్మ నవ్వింది. పాపం ఆవిడ చదువు పళ్ళ వరకే.

ఆ సాయంత్రం పిల్ల పాలలో నానిన రొట్టె కూడా నమల్లేకపోయింది. పళ్ళ వేళ్ళని ఎవరో పట్టుకుని మెల్లగా లాగుతున్నట్టుంది. చల్లగా ఉంటుందని చెంప గోడకి ఆనించింది. గోడ వెచ్చగా ఉంది. తన చిగురు ఎలా సలుపుతోందో గోడా అలాగే సలుపుతోంది. అలమరలో పళ్ళేలు సన్నగా గలగలమన్నాయి. ఇటుకలూ దూలాలూ ఉన్న అంత ఇల్లు, తన నోట్లోని జానెడు తీగ వెంట నడుస్తోంది!  నోటిమీద చెయ్యి వేసుకుని, కదిలితే ఏమవుతుందోనని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

నెల తిరిగేసరికి నాన్న టేపు పట్టుకెళ్ళి సందు కొలిచాడు. ముప్పై ఆరు అంగుళాలుండాల్సింది ముప్పై నాలుగే ఉంది. పెదనాన్న కూడా అడుగుబద్దతో వచ్చి కొలుచుకున్నాడు. అవతలివాడి గోడే జరిగిందని ఎవరి మటుకు వాళ్ళు తీర్మానించుకుని, మూతులు ముడుచుకుని లోపలికి పోయారు. పిల్లకి మాత్రం తెలుసు. తీగ బిగించిన ప్రతిసారీ ఆమె సందులో నిలబడి రెండు చేతులూ రెండు గోడలకి ఆనించేది. రెండూ సమానంగా కదిలేవి.

ఆరో నెలలో నాన్న సైకిలు సందులోంచి బయటికి తీయాల్సొచ్చింది. పదో నెలకి, ఆ అడ్డదారినే వెళ్ళే పోస్ట్‌మ్యాన్ పక్కకి తిరిగి నడవాల్సొచ్చింది.

"నెలనెలా సరిగ్గా బిగించుకుంటున్నావా తల్లీ? ఏదో ఒకటి తొందరగా తేల్చు. నా పొట్ట ఇరుక్కుపోతోంది" అన్నాడు. ఆ పై నెల నుంచి చుట్టూ తిరిగి రావడం మొదలెట్టాడు.

పదహారో నెలలో డాక్టరమ్మ గోరంత రబ్బరు వలయాలిచ్చి, మిగిలిన కాస్త సందూ వీటితోనే మూసుకోవాలి, తిండప్పుడు తప్ప తీయొద్దంది. ఆ మర్నాడు కిటికీ దగ్గర ఈల వేస్తే దారప్పోగంత వచ్చింది. పిల్ల వెంటనే రబ్బర్లు తీసి నాన్న గుండీల డబ్బాలో దాచేసింది. సందు నాలుగంగుళాల దగ్గర ఆగిపోయింది.

పది రోజులు చూసి పెద్దమ్మే అడిగింది. "ఏమే, గోడ కదలట్లేదు. రబ్బర్లు పెట్టుకోవట్లేదా?"

"పెట్టుకుంటే ఈల పోతుంది పెద్దమ్మా. తర్వాత నిన్నెలా పిలవను?"

పెద్దమ్మ ఇరుకు సందులోంచి చెయ్యి చాచి పిల్ల గడ్డం పట్టుకుంది. పదేళ్ళ తర్వాత తగిలిన చెయ్యి అది. "పిచ్చిదానా. ఈలేసి పిలిచేంత దూరంలో ఎందుకుంటానే నేను?"

పిల్ల ఏడుస్తూనే గుండీల డబ్బా బోర్లించింది. మిగిలిన రెండు నెలల నొప్పీ పంటి బిగువున భరించింది.

ఒక పొద్దున్న, దవడలు కలిసినప్పుడు పళ్ళు టక్కుమన్నట్టు, రెండు గోడలూ కలిశాయి. కిటికీకి కిటికీ వెంట్రుకవాసి తేడా లేకుండా అతికింది. అతకదూ మరి, మంచిరోజుల్లో రెండు చట్రాలూ ఒకే కొలతకి చేసింది పెదనాన్నే. టేపుతో నాన్నా, బద్దతో ఆయనా ఆత్రంగా కిటికీలోకి వంగేసరికి తలకి తల కొట్టుకుంది.

నుదురు రుద్దుకుంటూ నాన్న అడిగేశాడు. "ఎంతొచ్చింది?"

"సున్నా."

"నాకూ సున్నాయే."

"ఇంతకీ అది ఎవరిదంటావురా?" అన్నాడు పెదనాన్న.

"ఏది అన్నయ్యా?"

"అదే, సందు."

ఇద్దరూ కిందికి చూశారు, పైకి చూశారు. సందు లేదు. ముందు నాన్నకి నవ్వొచ్చింది, తర్వాత ఆయనకి. నవ్వుతూ నవ్వుతూ పెదనాన్న కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మరో వారానికి క్లిప్పులు తీసేశారు. రోజూ పడుకునే ముందు ప్లాస్టిక్ తొడుగు పెట్టుకోకపోతే సందు మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "తొడుగు పెట్టుకున్నావా?" అని నాన్న ఒకసారీ పెదనాన్న మూడుసార్లూ అడుగుతున్నారు.

క్లిప్పులు తీసిన మర్నాడు ఏడింటికి మిషన్ చప్పుడు మొదలైంది. పిల్ల అలవాటుకొద్దీ కిటికీ దగ్గరికెళ్ళి, నాలుక కొస పళ్ళకి ఆనించి ఊదింది. చప్పుడు రాలేదు. వట్టి గాలి వచ్చింది.

ఆ గాలికి పెద్దమ్మ ముంగురులు కదిలాయి.

"ఏమే?" అంది పెద్దమ్మ.