మూడో మలుపు దగ్గర నిలబడ్డ మనిషి

"నిమ్మకాయ కట్టింది నువ్వే గదా?"

సురేంద్ర హెల్మెట్ తీసి పెళ్లాంతో అన్న మొదటి మాట అది. నాకేం కాలేదులే అని కాదు, ఆ పిల్లకెట్లుండాది అని కాదు. వెనకాల అంబులెన్సు తలుపులు ఇంకా మూయనేలేదు. శోభారాణి "ఊఁ" అంది. అతను ఏదడిగినా ఊఁ అనడం ఆమెకు పదహారేళ్ల అలవాటు. ఆ ఒక్క ఊఁతో నేరమంతా తన నెత్తికెక్కిందని అప్పుడు తెలియలేదు. తొమ్మిది రోజులైంది. పుంగనూరులో తన ఇంట్లో బియ్యం కడుగుతున్నా, బట్టలారేస్తున్నా చెవిలో అదే మాట. సంతలో నిమ్మకాయల గుట్ట చూసి బెదిరి, ఏమీ కొనకుండానే ఉత్త సంచితో వెనక్కి వచ్చేసింది.

సురేంద్రకు మదనపల్లెలో బైకుల స్పేర్ పార్టుల అంగడి ఉంది. నలభై దాటాక కొందరికి షుగరు వస్తుంది, కొందరికి భక్తి వస్తుంది, ఇతనికి స్పీడు వచ్చింది. రెండు నెలలకొకసారి పక్క అంగళ్ల స్నేహితులు ముగ్గురితో కలిసి, బైకులను బొలెరోలకెత్తించుకుని, కర్ణాటక సరిహద్దు దాటి రేసుల ట్రాక్‌కు పోతాడు. అది పందెం కాదు, కప్పులూ గెలుపోటములూ ఏమీ ఉండవు. పేరు రాయించుకున్నవాళ్లు జట్లు జట్లుగా, విడతకు ఇరవై నిమిషాల చొప్పున, రోడ్డు మీద తోలలేనంత వేగంగా తోలుకోవచ్చు. వేగాన్ని బట్టి చేసిన జట్లలో సురేంద్ర ఉండే మధ్య జట్టుకు కట్టుబాటు ఒక్కటే. మలుపులో ఎవరినీ దాటకూడదు. దారి నేరుగా ఉన్న చోటే దాటాలి, అదీ బాగా ఎడం వదిలి. తప్పంతా వెనక వచ్చేవాడిదే అవుతుంది, ఎందుకంటే తనిఖీలో అద్దాలు పీకించేస్తారు కాబట్టి ముందున్నవాళ్లకు వెనక ఎవరున్నారో కనిపించదు.

శోభారాణి కూడా పోతుంది. పోతుంది అంటే తీసుకుపోతారు. ముందురోజే పులిహోర కలపాలి, హెడ్‌లైటుకు టేపు అంటించాలి, తోలు సూటులోకి అతని ఒళ్లు దూరేలా పౌడరు చల్లాలి. విడత అయ్యాక చెమటకు అతుక్కుపోయిన ఆ సూటును ఒంటి మీంచి ఒలవాలి. ఇంటికొచ్చాక బైకు కడగాలి. ఈ చాకిరీకి ఇంట్లో పేరంటూ లేదు. ట్రాక్ వాళ్లు మెడలో వేసే కార్డు మీద మాత్రం "క్రూ" అని ఉంటుంది, అంటే తోలేవాడి సహాయక జట్టు. "నీకేమే, ఆదివారం పూట ఊరు సూపిచ్చినట్టుంటాది" అంటాడు సురేంద్ర. ఆమె ఏ ఊరూ చూడలేదు. మూడో మలుపు దగ్గర ఇనుప కంచె పట్టుకుని నిలబడుతుంది, అక్కడైతే అతను కళ్లబడని సేపు తక్కువ అని. ఒక చుట్టుకు రెండు నిమిషాలు. నూట ఇరవై దాకా మనసులో లెక్కపెట్టుకుంటుంది. నూట ముప్పై అయితే కంచె సందుల్లోకి వేళ్లు దూర్చి ముందుకు వంగుతుంది. నీలం బైకు కనబడగానే ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలు.

నిమ్మకాయ సంగతి అత్త శ్యామలమ్మది. పోయిన సంవత్సరం కొడుకు పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు, "బండికి దిష్టి తగిలిండాది, కాయ కట్టల్ల" అని తేల్చేసింది. ట్రాక్ తనిఖీలో బండికి వేలాడే దారప్పోగును కూడా ఒప్పుకోరు. అందుకని తనిఖీ అయి స్టిక్కర్ పడ్డాక, శోభారాణి నేల మీద వెల్లకిలా పడుకుని, బైకు పొట్ట కింద ప్లాస్టిక్ కవచం లోపల నల్లదారంతో నిమ్మకాయ కట్టాలి. మొదటిసారి ఆమె "వొద్దంటారే వాళ్లు" అంది. "మా యమ్మ కన్నా వాళ్లు ఎక్కువా? బిన్నా కట్టు" అని తొందరపెట్టాడు సురేంద్ర. ఎవరికీ కనిపించకుండా అడ్డంగా నిలబడింది కూడా అతనే.

ఆ ఆదివారం జట్టులో తెల్ల బైకు మీద అనూష అనే అమ్మాయి ఉంది. ఊరు కుప్పం, ఉద్యోగం బెంగళూరు. పొద్దున టేపు అయిపోతే శోభారాణి దగ్గరే అడిగి తీసుకుని, "థ్యాంక్సక్కా" అని నవ్వింది. రెండు విడతలు తిరిగినా సురేంద్ర ఆ పిల్లను దాటలేకపోయాడు. అన్నాల దగ్గర స్నేహితుడు రామప్ప, "ఏమప్పా, ఆడపిల్ల ఎనకాలే తిరగతాండావు, దారి తప్పిపోతావనా?" అన్నాడు. అందరూ నవ్వారు. సురేంద్రా నవ్వాడు. ఆ నవ్వు శోభారాణికి బాగా తెలుసు. ఇంట్లో ఆ నవ్వు నవ్విన రోజు ఏదో ఒకటి పగిలేది.

మూడో విడతలో రెండు బైకులూ తగులుకుని పడ్డాయి. సురేంద్రకు మోచేతులు గీసుకుపోయాయి. అనూషకు తొడ ఎముక, భుజం ఎముక విరిగాయి. ఏం జరిగిందని ఎవరడిగినా శోభారాణి నోరు తెరవకముందే సురేంద్ర చెప్పేశాడు. నా బండికింద నిమ్మకాయ ఊడి పడింది, అది దొర్లి ఆ పిల్ల చక్రం కింద పడింది, ఆ పిల్ల జారి నా మీదికొచ్చింది. వందమందికి చెప్పాడు. నూటొకటో మనిషి శోభారాణి, ఆమె కూడా నమ్మింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. కాయ కట్టమన్న అత్త మాట ఎవరికీ గుర్తు లేదు, కట్టిన చేతులే గుర్తున్నాయి. ఆ చేతులతో ఒక ఆడపిల్ల కాలు విరగ్గొట్టానని ఆమె వాటివైపు చూసుకోవడం కూడా మానేసింది.

ట్రాక్ వాళ్లు విచారణ పెట్టారు. మలుపులో దాటబోయి గుద్దినట్టు తేలితే సురేంద్రను ఇక ఎప్పటికీ రానివ్వరు. నిమ్మకాయ వల్లే అయితే కట్టిన మనిషి కార్డు రద్దు, అంతటితో సరి. సురేంద్ర మదనపల్లెలో కాగితం టైపు చేయించుకొచ్చాడు. "తనిఖీ తర్వాత నా భర్తకు తెలియకుండా నిమ్మకాయ కట్టితిని. అది ఊడిపడినందున ప్రమాదం జరిగినది." కింద శోభారాణి సంతకానికి ఒక గీత, అనూష సంతకానికి ఒక గీత.

"నీకు తెలీకుండానా?" అంది శోభారాణి.

"యాల లాగతావు? నీ కార్డు పోతే ఏం పోతాది? నువ్వేమన్నా బండి తోలతావా? రేపు పండ్లెత్తుకోని కుప్పం పో. ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకుంటే ఆ పిల్ల సంతకం పెడతాది." ఆ మాట అంటున్నప్పుడు అతని చేతిలో నీళ్లచెంబు ఉంది. ఆమె కళ్లు చెంబు మీదే ఉన్నాయి. అతను దాన్ని మెల్లగా కింద పెట్టేదాకా ఆమె కదల్లేదు.

మరుసటి పొద్దున అత్త ఇంకో పని చెప్పింది. "కాయ ఊడినా దారం ఉంటాది. కట్టినోళ్లే తీసి మూడు దావలు కూడే కాడ పారేయల్ల, లేకుంటే దిష్టి ఇంటికే తిరుక్కుంటాది. కుప్పం పోయేలోగా ఆ పని సూడు." సురేంద్ర అంగడికి పోయాడు. బైకు రేకుల షెడ్డులో ఉంది. ఈసారి మాత్రం కడగొద్దన్నాడు, మెకానిక్కు వస్తాడు, నువ్వు తాకొద్దన్నాడు. పదహారేళ్లలో అతను వద్దన్న మొదటి చాకిరీ అదే. అయినా అత్త చెప్పిన పని. నేల మీద పడుకుని, కవచం లోపలికి చెయ్యి పోనిచ్చింది.

చేతికి నిమ్మకాయ తగిలింది.

ఎండి, ముడుచుకుని, తాను వేసిన మూడు ముళ్లతో, కట్టిన చోటే ఉంది. శోభారాణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అట్లాగే పడుకుని ఉండిపోయింది. అప్పుడు కళ్ల ముందు మూడో మలుపు తిరిగింది. తొమ్మిది రోజులుగా చూడనివ్వకుండా తనకు తానే మూసేసుకున్నది. తెల్లబైకు మలుపులో వాలి, తన గీత తాను పట్టుకుని పోతోంది. నీలం బైకు ఆగాలి. ఆగలేదు. లోపలి పక్క మనిషి కూడా పట్టనంత సందులోకి దూరింది. నీలం బైకు ముందు చక్రం పోయి ఆ పిల్ల కాలికి తగిలింది. ఆ చప్పుడు, ఎగిరిన దుమ్ము, ఎర్రజెండా, అన్నీ చూసింది. కంచె పట్టుకుని, పట్టపగలు, ఈ రెండు కళ్లతో చూసింది. తన కళ్ల కన్నా మొగుడి మాటే నిజమనుకుంది. నిమ్మకాయకు వణికింది గానీ, అసలు వణుకు దానికి కాదు. చూశానని ఒప్పుకుంటే ఆ తర్వాత ఏం చేయాల్సొస్తుందో, దానికి.

దారం తెంపి, కాయను తీసుకుపోయి అత్త ముందు పెట్టింది. "ఊడలేదత్తా."

శ్యామలమ్మ కాయను చూసింది. చేటలో ఉన్న కందులు వదిలేసి పైట సర్దుకుంది. "నువ్వు సూడలే. నేనూ సూడలే. పారేసి, కాళ్లు కడుక్కోని బస్సెక్కు" అంది. కోపంగా అనలేదు. చానా ఏళ్లుగా తెలిసిన దారి చూపించినట్టు అంది. ఈమె కూడా ఎన్ని చూడలేదో అనిపించింది శోభారాణికి.

మూడు దావలు దాటినా కాయ సంచిలోనే ఉంది. పలమనేరులో బస్సు మారింది. శాంతిపురం దగ్గర గ్రానైటు రాళ్ల లారీ ముందు పోతుంటే, బస్సు డ్రైవరు దాన్ని దాటబోయినప్పుడల్లా ముందుసీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. నిజం చెప్పి ఇంటికెట్లా పోవాలి? చెప్పకుండా ఆ పిల్ల ముఖమెట్లా చూడాలి? ఒక దగ్గర దిగిపోదామనుకుంది కూడా.

కుప్పం ఆసుపత్రిలో అనూష కాలు ఎత్తి కట్టి ఉంది. పక్కన స్టూలు మీద వాళ్లమ్మ ఆదిలక్ష్మి, కళ్లు వాచిపోయి కూర్చుని ఉంది. శోభారాణి ఎవరో చెప్పగానే ఆమె ముఖం తిప్పుకుంది. అనూషే మాట్లాడింది.

"అక్కా, నాకేం గుర్తు లేదు. నేనే బ్రేకు తప్పుగా వేసినానేమో. మీ ఆయన ఫోన్ చేసి, కాయ మీదెక్కి జారినావమ్మా అన్నాడు. నేను కాయను సూసుకోవల్ల గదా, సూసుకోలేదు. ఇంగ జన్మలో బండి ముట్టనని మా యమ్మ ఒట్టేయించుకునింది."

ఈ పిల్ల కూడా! దెబ్బలు తిని మంచాన పడ్డది కూడా తప్పు తనదేమో అని వెతుక్కుంటోంది. శోభారాణికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది, దాన్ని ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియలేదు. సంచిలోంచి కాగితం తీసి వెనక్కి తిప్పింది. పెన్ను అడిగింది. అక్షరాలు ఎగుడుదిగుడుగా పడ్డాయి.

"నిమ్మకాయ కట్టింది నేనే. నా భర్త అడ్డంగా నిలబడి కట్టించినాడు. అది తప్పు. కానీ ఆ కాయ ఊడలేదు, ఈ పొద్దు నేనే విప్పినాను. మూడో మలుపులో ఈ అమ్మాయి తన దారిలో తాను పోతాండాది. నా భర్త లోపలి పక్క నుంచి దూరి గుద్దినాడు. నేను కంచె కాడ నిలబడుకోని చూసినాను."

కింద సంతకం పెట్టి, కాయను సంచిలోంచి తీసి పక్కన పెట్టింది. "ట్రాక్ వాళ్లకు పంపీమ్మా. నీ తప్పు ఇసుమంత కూడా లేదు."

అనూష రెండుసార్లు చదివి, కాగితాన్ని గుండెల మీద బోర్లించుకుంది. ఆదిలక్ష్మి గోడకు చెప్పినట్టుగా, "తొమ్మిది దినాలు పట్టె ఈయమ్మకు నోరు రావడానికి" అంది. అందులో అబద్ధమేముంది? శోభారాణి తల వంచుకుని ఆ మాట పడింది. కాసేపయ్యాక ఆదిలక్ష్మి స్టూలు మీంచి లేచి, "కూసో. ఎంతసేపని నిలబడుకోనుంటావు" అంది.

కూర్చుందో లేదో ఫోను మోగింది.

"సంతకం అయిందా?"

"నాదయింది."

"ఆ పిల్లది?"

"ఆ పిల్లదెందుకు? నేను చూసింది నేను రాసిచ్చినాను."

అవతల అంగట్లో ఎవరో చైను సెట్టు అడుగుతున్న మాట వినిపించింది. సురేంద్ర చాలా మెల్లగా, "ఇంటికి రా" అన్నాడు. అరవలేదు. అతను అరవని రోజే ఎక్కువ భయం.

"వస్తా" అంది శోభారాణి, అలవాటు కొద్దీ. అని, మాట సరిదిద్దుకుంది.

"ఎప్పుడొచ్చేదీ నేను చెప్తా."