తనిఖీ రోజు సెలవు

మా వదిన చేసిన నేరం, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం.

మాది బట్టల అద్దకం మిల్లు. ఆమె ఉతుకుడు విభాగం, నేను రంగు తొట్ల దగ్గర. మా గుడ్డంతా సముద్రం దాటి ఒక పెద్ద కంపెనీకి పోతుంది. ఆ కంపెనీ తరపున తనిఖీకి వచ్చినాయన మురుగు శుద్ధిచేసే చోట నిలబడి, తేటగా పారుతున్న నీళ్లు చూసి సంతోషించాడు. రోజూ ఇలాగే ఉంటాయా అని వదినను అడిగాడు.

"ఇవాళ ట్యాంకరు నీళ్లు పోశారయ్యా. రోజూ అయితే నల్లగా కాలవలోకే పోతాయి" అంది వదిన.

మర్నాడు ఆమెను గేటు లోపలికి రానివ్వలేదు. అబద్ధం చెప్పి మిల్లు పరువు తీసిందని మేనేజరు అందరి ముందూ ప్రకటించాడు. ఆర్డరు పోతే మీ పొయ్యిలు వెలగవు, ఆమెనే అడుక్కోండి అన్నాడు. మావాళ్లు అతన్ని వదిలేసి వదినను తిట్టుకున్నారు. తిట్టినవాళ్ల ఇళ్లలో కూడా బిందె అడుగున నీలం పొర కడుతుంది. వాళ్ల పిల్లలకీ ఒంటి నిండా దద్దుర్లే. నేను పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని గానీ ఇల్లు కదలను. ఆ రోజు దండం పెడుతూ అడిగాను: నిజం చెప్పిన మనిషి గేటు బయట, అబద్ధం మోసుకొచ్చిన ట్యాంకరు గేటు లోపల. ఇది నీకు తెలిసే జరుగుతోందా స్వామీ?

వదిన ఏడుస్తూ కూర్చోలేదు. ఎక్కడో వాకబు చేసి ఒక లాయరమ్మను యూనియన్ గదికి తీసుకొచ్చింది. గుడ్డ కొనేవాళ్ల దేశంలో కొత్త చట్టం వచ్చిందని ఆ అమ్మాయి చెప్పింది. సరుకు ఎక్కడ తయారైనా అక్కడి నీళ్లూ గాలీ మనుషులూ పాడవకుండా చూడాల్సింది కొనేవాళ్లేనట.

మా మేస్త్రీ దేన్నీ నమ్మడు. అందుకే ఆయన్ని గొణుగుడు మేస్త్రీ అంటాం. "మరి ఆ బాధ్యత ఈ ఆడమనిషి నెత్తిన ఎందుకు పడింది?" అన్నాడు.

కొనేవాళ్లు ఒప్పందంలో ఒక షరతు రాయించుకున్నారని లాయరమ్మ వివరించింది. కాలుష్యం బయటపడితే తప్పంతా మిల్లుది, ఆర్డరు రద్దు. యజమాని ఆ షరతు పట్టుకొచ్చి మా నోళ్లకు తాళం వేశాడు. పైవాడు కిందివాడి మీదికి తోస్తే, కిందివాడు మా మీదికి తోశాడు.

"ఇంతకీ నిన్నెవరు పంపారమ్మా, పోటీ మిల్లువాళ్లా?" అన్నాడు మేస్త్రీ. గది నవ్వింది.

ఆ అమ్మాయీ నవ్వింది. "నన్ను అనుమానించండి, మంచిదే. ఆ చట్టాన్ని ఇంకా ఎక్కువ అనుమానించండి."

నేను మెల్లగా అడిగాను, వాళ్లు ఆర్డరు తీసేసి చేతులు దులుపుకుంటే మా గతేమిటని. అలా పారిపోకూడదని ఆ చట్టంలోనే ఉందట. ముందు బాగుచేయించాలి, అందుకు ఖర్చులో తామూ చెయ్యి వెయ్యాలి, నష్టపోయినవాళ్ల గోడు వినాలి. కానీ మాకేమీ కనబడలేదు అనే దారి ఉన్నంతకాలం ఆ దారినే పోతారని కూడా చెప్పింది.

కనబడకపోవడం ఎలాగో మాకు తెలుసు. తనిఖీ రోజున అద్దకం వాళ్లకు జీతంతో సెలవు. ఇన్నాళ్లూ ఆ సెలవు మహాప్రసాదంలా పుచ్చుకున్నాం.

"మళ్లీ తనిఖీకి వస్తారుగా, ఈసారి సెలవు వద్దందాం. అందరం పనికి పోదాం" అంది వదిన.

అందరి చూపూ మూలన కూర్చున్న బాయిలర్ బాబాయి మీదికి పోయింది. ఆయన ఆవిరి ఇవ్వకపోతే ఒక్క తొట్టీ వేడెక్కదు. ఆయన అల్లుడేమో యజమాని కారు డ్రైవరు. బాబాయి అవునని గానీ కాదని గానీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. ఇక కబురు మేనేజరుకు చేరినట్టే అనుకున్నాం.

అనుకున్నట్టే తనిఖీ రోజు పొద్దున గేటు దగ్గర పోలీసు వ్యాను నిలబడి ఉంది. చెప్పిందెవరో ఇప్పటికీ తెలియదు. సెలవు కదా, ఇళ్లకు పొమ్మన్నారు. మాకు పని కావాలన్నాం. అంతలో కంపెనీవాళ్ల కార్లు వచ్చాయి. వాళ్ల కళ్ల ముందు మమ్మల్ని కొట్టలేరు. కార్ల కోసం గేటు తీశారు, వాటి వెనకే అందరం లోపలికి నడిచాం. వదిన అందరికంటే ముందుంది.

బాయిలర్ భగభగమంటోంది. రాత్రే లోపలికి చేరినట్టున్న బాబాయి చెమటలు కక్కుతూ మా వంక చూశాడు.

"ఏం చూస్తారర్రా? తొట్లు నింపండి."

నల్లరంగు కలిపాం. ఎప్పుడూ చేసే పనే, ఎప్పుడూ వాడే రంగే. కాసేపటికి కాలవ నల్లగా పారింది. మేనేజరు మెయిన్ స్విచ్చి ఆపెయ్యమని అరిచాడు. ఉతుకుడు విభాగం ఆడవాళ్లు స్విచ్చి బోర్డు ముందు గోడలా నిలబడ్డారు. కంపెనీ పెద్దమనిషి నీళ్లు చూశాడు, మమ్మల్ని చూశాడు. షరతు ప్రకారం ఆర్డరు రద్దు చేయాల్సి వస్తుందన్నాడు.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. అయినా అడిగాను. "అయ్యా, తమరు వెళ్లిపోతే ఈ నీళ్లు తెల్లబడతాయా? తమరు కొన్న గుడ్డ రంగే కదా ఇది. బాగుచేయించి వెళ్లండి."

ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. మన చావే రాసుకుంటున్నాడు అని గొణిగాడు మేస్త్రీ, గొణుగుతూనే ఇంకో తొట్టిలో రంగు కలియతిప్పాడు. ఆ రాత మీద నాకూ నమ్మకం లేదు. చూడలేదని మాత్రం ఇక చెప్పలేడు.

పోలీసులు లోపలికొచ్చారు. తీసేసిన మనిషి మిల్లులో అడుగుపెట్టిందని వదినను, సెలవు రోజున బాయిలర్ వెలిగించాడని బాబాయిని పట్టుకున్నారు. పనిచేసినందుకు మనిషిని పట్టుకుపోవడం నేను అప్పుడే చూశాను. వ్యాను ఎక్కుతూ వదిన వెనక్కి తిరిగింది.

"తొట్టి వదిలేశావేం మరిదీ? కలుపు. గుడ్డ మచ్చలు పడుతుంది."

కలిపాను. ఎవరూ యంత్రం ఆపలేదు.

మర్నాడు కాలవ ఒడ్డునున్న పక్క మిల్లులో తనిఖీ. అక్కడా అద్దకం వాళ్లకు సెలవిచ్చారు. తెల్లారేసరికి వాళ్లంతా గేటు ముందు నిలబడి, పని కావాలని అడుగుతున్నారు.