ఏ బస్సుకమ్మా మీరు

మా ఆయన నన్ను మరిచిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. కుట్టు దుకాణానికి ఇవ్వాల్సిన చొక్కాలకి కాజాలు కుడుతున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, నా ఎదురుగా వచ్చి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఏ బస్సుకమ్మా మీరు?" అన్నారు.

ముప్పయ్యారేళ్ళు ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి కదిలిందో పుస్తకంలో రాసేవారు. ప్రయాణికులకి ఆయనంటే గౌరవం. ముసలివాళ్ళకి లేచి దారి చూపించేవారు, చంటిపిల్లల తల్లులకి తన కుర్చీ ఇచ్చేవారు. ఇంటికొచ్చాక ఆ మర్యాదంతా చొక్కాతోపాటు విప్పి కొక్కేనికి తగిలించేవారు. ఇంట్లో నా పేరు "ఏమే". కొత్తలో అందులో చనువుందనుకున్నాను. చనువు అరిగిపోయింది, పిలుపు మిగిలింది. "ఏమే, ఏడు నిమిషాలు లేటు." "ఏమే, చచ్చావా బతికావా?" ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. చేసుకుని ఉంటే పదిమందికీ చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది.

ఆ మంగళవారం నేను సూది పక్కన పెట్టి, "ఊరికే వచ్చానండీ" అన్నాను.

"కూర్చోండి, కూర్చోండి. ఇంకా టైముంది" అని తన కుర్చీ నా వైపు జరిపారు. కూర్చున్నాను. అన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. పరాయిదాన్నయ్యాక దొరికింది.

అదంతా సుఖమని కాదు. తలుపు గడియ పెట్టడం మరిచిపోతే డిపో వెతుక్కుంటూ వెళ్ళిపోయేవారు. ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి వచ్చే పోయే కార్లన్నిటికీ టైము చెబుతుంటే తీసుకొచ్చాను. పక్క తడిపేవారు. స్నానానికి నీళ్ళు పోస్తే కేకలు పెట్టేవారు. నేను కంటినిండా నిద్రపోయి ఏడు నెలలయింది. పక్కింటావిడ "వయసు మీద పడితే అంతేలెండి" అని తలుపు వేసుకునేది. మరిది ఫోన్లో "ఓపిక పట్టు వదినా, అన్నయ్య దేవుడు" అనేవాడు. దేవుడి దుప్పటి ఎవరు ఉతుకుతారో ఎప్పుడూ అడగలేదు.

ఆసుపత్రి గోడ మీద సాయం కావాలంటే చెయ్యమని రాసి ఉన్న నంబరుకి చేశాను. ఆ నంబరు వాడుకలో లేదట. చివరికి అక్కడి నర్సే మందుల చీటీ వెనక ఒక చిరునామా రాసిచ్చింది. గ్రంథాలయం మేడ మీద గది, గురువారం మూడింటికి.

పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మతి తప్పినవాళ్ళని గదిలో ఓ మూల బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు మాట్లాడుకుంటారు. నడిపేది రిటైరైన లెక్కల టీచరమ్మ. ఆవిడ భర్త ఇదే జబ్బుతో పోయాడు. మొదటిరోజు నా పక్కన సెలూన్ ఆయన కూర్చున్నాడు. తల్లిని చూసుకుంటున్నాడట.

"మా అమ్మ నన్ను వాళ్ళ నాన్న అనుకుంటోందండీ" అన్నాడు. "నేను గదిలోకొస్తే లేచి నిలబడుతుంది. యాభై ఏళ్ళకి ఇంట్లో నా మాటకి విలువొచ్చింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అర్థమయింది, ఇదే మాట నేనంటే ఈ గదిలో ఎవరూ నవ్వరని. కొడుకు అంటే చమత్కారం. పెళ్ళాం అంటే పాపం.

వాళ్ళలో వంతుల పద్ధతి ఉంది. ఒకరి మనిషి దగ్గర ఇంకొకరు వెళ్ళి మధ్యాహ్నం కూర్చుంటారు. నాకు సోమవారం, శుక్రవారం వచ్చాయి. సోమవారం సెలూన్‌కి సెలవు కాబట్టి సెలూన్ ఆయన వచ్చేవాడు. ఆ మొదటి సోమవారం వంటింటి నేల మీద, తలకింద చెయ్యి పెట్టుకుని, మూడు గంటలు పడి నిద్రపోయాను. లేచాక నోట్లో తీపిగా ఉంది. ఆ మూడు గంటల కోసం నేను ఏమైనా చేసేదాన్ని.

మూడో గురువారం టీచరమ్మ నా చేతిలో కొత్త ఆల్బం పెట్టింది. ఇంట్లోవాళ్ళ ఫొటోలు అంటించి, కింద పెద్ద అక్షరాలతో రాసి, రోజూ చదివించాలి. గుర్తుల పుస్తకం అంటారు దాన్ని.

"ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారమ్మా?" అంది. "పేరు కాదు, నోటికి అలవాటైన పిలుపు. పేర్లు ముందే పోతాయి. పిలుపులు ఆఖరిదాకా ఉంటాయి."

పన్నెండు కుర్చీలూ నా వైపు తిరిగాయి.

"మీరు అనేవారండీ" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు తరచి చూసుకున్నాను. సిగ్గు కొంత. కానీ సిగ్గు అడుగున ఇంకేదో కదిలింది. ఆ పిలుపు రాస్తే ఆ మనిషి తిరిగొస్తాడేమోనన్న భయం. రెండింట్లో ఏది ముందు నోరు తెరిచిందో నాకు తెలియదు.

"భార్యని మీరు అనే మనిషి" అని టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అదృష్టవంతులమ్మా. అలాంటాయన్ని వెనక్కి తెచ్చుకోవాలి మనం."

నా ఫొటో కింద "మీరు" అని రాశారు. నాలుగు వారాలు చదివించారు. ఓ గురువారం టీచరమ్మ ఫొటో మీద వేలు పెట్టి, "చూడండి, ఈవిడెవరు? చదవండి" అంది.

"మీరు" అని చదివి, ఆయన టీచరమ్మని ఎగాదిగా చూశారు. "మీరు కాదండీ. మీకు కళ్ళద్దాలున్నాయి."

"నేను కాదు, కింద రాసింది మీరు అని."

"నేనా? నాకు జడెక్కడిదండీ?"

గది గదంతా నవ్వింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రోజూ పొద్దున్నే కుర్చీ నా వైపు జరిపేవారు. "ఏ బస్సుకమ్మా మీరు?" అనేవారు. నేను రోజుకో ఊరి పేరు చెప్పేదాన్ని. "దూరమేనండీ పాపం, దారిలో తినడానికేమైనా తెచ్చుకున్నారా?" అనేవారు. అంత మాట నన్నెవరూ అడగలేదు.

ఆ తరువాతి గురువారం మరిది ఊళ్ళోకొచ్చాడు. కార్లో తనే దింపి, మాతోపాటు పైకొచ్చాడు. టీచరమ్మ అతనితో, "మీ అన్నగారి సంస్కారం గురించి ఇక్కడ అందరం చెప్పుకుంటాం. ఆవిడని 'మీరు' అని పిలిచేవారట కదా" అంది.

మరిది నా వైపు చూసి పగలబడి నవ్వాడు. "మా అన్నయ్యా? మీరా? ఏమే అని ఒక్క కేకేస్తే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడేది. ఏం వదినా, కోతలు కోశావా?"

అందరూ నవ్వారు, టీచరమ్మ తప్ప. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "మొహమాటపడ్డారా? మా దగ్గరెందుకమ్మా. అదీ ప్రేమే కదా."

పెన్ను తీసుకుని "మీరు" కొట్టేసింది. దాని కింద "ఏమే" అని రాసింది. గుండ్రటి, అందమైన, బడిపిల్లలకి రాసే అక్షరాలు. ఆల్బం తీసుకెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ ఆయన ముందు పట్టుకుంది.

"ఏ... మే" అన్నారు ఆయన. మళ్ళీ చదివారు. మూడోసారి చదవలేదు, తల ఎత్తి అన్నారు. మెడ బిగుసుకుంది. వెనక కట్టుకున్న చేతులు ముందుకొచ్చాయి. చూపు గదంతా తిరిగి నా మీద ఆగింది.

"ఏమే. ఎంతసేపే?"

చప్పట్లు కొట్టారు. ఎవరో ముక్కు చీదుకున్నారు. మరిది "అన్నయ్యా" అంటూ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. సెలూన్ ఆయన ఒక్కడే కొట్టలేదు. నా మొహంలోకి చూస్తున్నాడు. రోజంతా అద్దంలో మొహాలు చూసే మనిషి.

"ఎలా ఉందమ్మా? మాట్లాడండి" అంది టీచరమ్మ.

సోమవారం మూడు గంటలు, శుక్రవారం మూడు గంటలు గుర్తొచ్చాయి.

"సంతోషంగా ఉందండీ" అన్నాను.

మరునాడు పొద్దున్నే లేచి, బయటికెళ్ళే బట్టలు కట్టుకున్నాను. చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆయనకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నాను, కొత్తచోట కూర్చున్నట్టు.

ఆయన లేచి, వచ్చి, నిలబడి చాలాసేపు చూశారు. నేనూ ఆయన కళ్ళలోకి చూశాను. నేనెవరో ఆ కళ్ళకి తెలియదు. ఇసుమంత కూడా తెలియదు. నా గుండె తేలికపడబోయింది.

"ఏమే" అన్నారు. "ఎవరివే నువ్వు? నా కుర్చీలో?"

సంచి పట్టీలు గట్టిగా పట్టుకున్నాను. "బస్సుకొచ్చానండీ."

గడియారం లేని మణికట్టు ఎత్తి చూసుకున్నారు.

"వెళ్ళిపోయిందే" అన్నారు. "ఎప్పుడో."