గ్రేస్ కావాలని పడేసిన విమానం

మహబూబాబాద్ దవాఖానలో నర్సుగా చేసే గ్రేస్, సెలవు దొరికితే చాలు, ఫోమ్ షీట్లు ముందేసుకుని కూర్చునేది. అలా కోసి అతికించి కట్టిందే ఆ రిమోట్ విమానం. కట్టడమైతే కట్టింది కానీ అది మూడుసార్లు నేలకూలింది. చేతిలోంచి వదలగానే ముక్కు పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, ఎడమ రెక్క మీదికి ఒరిగి దబ్బున పడేది.

కురవి దారిలో కోతలైపోయిన పొలంలో ఆదివారాలు విమానాలు ఎగరేసేవాళ్లకు వీరేందర్ పెద్ద. మూడోసారి పడ్డప్పుడు అతనే ముక్కలు ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

"చెల్లే, గిది నీతోని కాదు. బాగుచేస్కొని తే. నేను ఎగరేస్త, నువ్వు చూడు."

"చూడనీకి కట్టలేదన్నా," అన్నది గ్రేస్.

ఇంటికొచ్చి విరిగినచోటల్లా అతికించింది. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి లేపితే తోక కిందికి వాలింది. వెనక బరువు! ముక్కు లేచేది అందుకే. బ్యాటరీని ముందుకు జరిపింది. ఎడమ రెక్క వెనక అంచు కిందికి మెలిబడి ఉంటే అటు ఒరిగేది దీనివల్లేనని హెయిర్ డ్రయర్ వేడి తగిలించి సాపు చేసింది. మోటారు వెయ్యకుండా గడ్డిలోకి విసిరి చూస్తే, జారుబండ మీద జారినట్టు సూటిగా పోయి వాలింది.

ఆదివారం వీరేందర్ రిమోట్ కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"మళ్ల పడ్డదనుకో, నవ్వులపాలైతవ్."

"పడ్తది. నేనే పడేస్త."

విమానాన్ని విసిరి, బాగా పైకి తీసుకుపోయి మోటారు తగ్గించి, రిమోట్ మీది పుల్లను వెనక్కి లాగింది. ముక్కు లేచింది. వేగం చచ్చింది. చూస్తున్నవాళ్లు కేకలేశారు. విమానం రాయిలా జారింది. ఇంకా లాగమని వేళ్లు గుంజుతున్నాయి. ఇన్నాళ్లూ భయపడి చేసింది అదే. ఈసారి పళ్లు బిగించి పుల్ల వదిలేసింది. ముక్కు కిందికి దిగింది, వేగం పుంజుకుని రెక్కలకు గాలి దొరికింది. అప్పుడు మెల్లగా లేపింది.

మళ్లీ పైకి తీసుకుపోయింది. మళ్లీ పడేసింది.

"ఇర్గిపోతది!" అరిచాడు వీరేందర్.

"ఇర్గితే మళ్ల కడ్త. ఎంత మెల్లగైతే పడ్తదో తెల్వకుంట ఎట్ల దింపాలన్నా?"

దిగేటప్పుడు వరిమోడుకు తగిలి ఒక చక్రం ఊడింది. రెక్కలకు ఏమీ కాలేదు. వీరేందర్ గబగబా ముందుకు నడిచాడు. అతనికంటే ముందే పోయి గ్రేస్ విమానాన్ని ఎత్తుకుంది. ఒంటి చక్రం మీద దిగితే ఒరుగుతుందని మిగిలినదాన్ని కూడా పీకి జేబులో వేసుకుని, కొత్త బ్యాటరీ తగిలించింది.

"జర పక్కకు జరుగన్నా," అని చెయ్యెత్తి విమానాన్ని గాలికెదురుగా విసిరింది.